ఇంట్లో మాట్లాడుకోండి

ల్యాబు నుంచి ఇంటికి రాగానే ఆమె చేసే మొదటి పని చేతులు తోముకోవడం. పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని సబ్బుతో రుద్ది, నిమ్మచెక్కతో రుద్ది, గోళ్ళ సందుల్లో పాత బ్రష్షు పెట్టి గీకి, మళ్ళీ సబ్బు రాసేది. అయినా వంటింట్లో అడుగు పెట్టగానే అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. "ఆ చేతులతో గిన్నెలు ముట్టుకోకు. తిన్నదంతా కిరసనాయిలు కంపు కొడుతోంది" అనేది. ముట్టుకోకుండా వంట ఎలా చేయాలో మాత్రం చెప్పేది కాదు. ఆ వంట ఇంకెవరు చేస్తారన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. భర్త కూడా అదే నూనె మరకలతో, అదే కంపుతో చమురు బావి దగ్గర నుంచి వచ్చేవాడు. అప్పుడు ఆవిడే ఎదురెళ్ళి, "పాపం, ఎంత కష్టపడ్డావో నాయనా" అని ఆ చొక్కా అందుకుని, ఉతకమని కోడలి చేతిలో పెట్టేది. కొడుకు ఒంటి మీద అది కష్టం వాసన, కోడలి చేతుల మీద కంపు.

ఆ ఇంట్లో ఇంజనీరు అంటే అతనొక్కడే. ఆమె కూడా అదే చదువు చదివింది, అదే చమురు కంపెనీలో పనిచేస్తోంది. అయినా ఎవరైనా అడిగితే అత్తగారు "మా కోడలు ఏదో సీసాలు కడిగే ఉద్యోగం చేస్తుంది" అని చెప్పేది.

ఆ సీసాల ఉద్యోగం ఇది. భూమి లోపల, ఎంతో లోతున, రాతి పొరల మధ్య ముడి చమురు ఉంటుంది. పైన ఉన్న బరువంతా దాని మీద పడి నలుగుతూ ఉంటుంది కాబట్టి, గ్యాసు కూడా అందులోనే కరిగి, కంటికి కనిపించకుండా దాక్కుని ఉంటుంది. బావి తెరిచాక ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. తగ్గి తగ్గి ఒకచోట మొదటి బుడగ పుడుతుంది. అక్కణ్ణుంచి గ్యాసు నూనెని విడిచి బయటపడుతుంది. ఆ బుడగ ఎంత ఒత్తిడి దగ్గర పుడుతుందో, ఒక్కో పీపా నూనె ఎంత గ్యాసుని కక్కుతుందో ముందే తెలియాలి. తెలిస్తేనే పైన గొట్టాలు ఎంత లావుండాలి, నూనెనీ గ్యాసునీ విడదీసే సెపరేటరు ఎంత పెద్దది కావాలి అన్నది తేలుతుంది. బావి అడుగు నుంచి ఉక్కు సిలిండర్లలో బిగించి తెచ్చిన నమూనాని భూమి లోపలి వేడికే కాచి, పంపు చక్రం చేత్తో తిప్పుతూ, ఒత్తిడి కొంచెం కొంచెంగా వదులుతూ, మందపాటి అద్దంలోంచి ఆ బుడగ కోసం కాపు కాయడం ఆమె పని.

నమూనా దొరకనప్పుడు అంచనా వేస్తారు. నూనె రంగు, బరువు, పక్క బావుల లెక్కలు, కొన్ని సూత్రాలు, వాటితో. అందులో ఆమె భర్తది అందె వేసిన చెయ్యి. చెంచాడు నూనె వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి అంకె చెప్పేస్తాడని కంపెనీలో పేరు. ఆమెకి అంచనా అంటే చిన్నచూపు లేదు. కొలవడానికి వీల్లేని చోట అంచనాయే దిక్కు. కానీ అతను కొలతలన్నీ పక్కకి తోసేసి మనుషుల్ని కూడా అలాగే అంచనా కట్టేవాడు. ఏ దెబ్బకి ఆమె ఎంతసేపు ఏడుస్తుందో, ఎంతవరకు ఓర్చుకుంటుందో, ఎవరితో చెప్పుకోదో, అన్నీ అతనికి తెలిసినట్టే ఉండేవాడు.

మొదటి దెబ్బ పెళ్ళైన కొత్తలోనే పడింది. అతని స్నేహితులు భోజనానికి వచ్చారు. మాటల్లో అతను ఏదో లెక్క తప్పు చెబితే, ఆమె నవ్వుతూ సరిదిద్దింది. వాళ్ళూ నవ్వారు, అతనూ నవ్వాడు. వీధి తలుపు వేసి వచ్చి, ఇంకా ఆ నవ్వు మొహం మీద ఉండగానే చెవి మీద కొట్టాడు. వారం రోజులు ఆ చెవిలో కందిరీగ తిరిగినట్టు రొద. తరవాత అతను చోటు చూసి కొట్టడం నేర్చుకున్నాడు. జబ్బల మీద, వీపు మీద, తొడల మీద, బట్ట కప్పే చోట్ల. జుట్టు పట్టి గోడకి అదిమేటప్పుడు కూడా గోడ వైపు నుదురు కాకుండా మాడు ఉండేలా చూసేవాడు. అత్తగారు పక్కగదిలో టీవీ సౌండు పెంచేది. మర్నాడు కాఫీ ఇస్తూ, "మగాడికి బయట సవాలక్ష ఉంటాయి. నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అనేది.

ఆమె ఊరుకుంది. కానీ లోపల ఊరుకోలేదు. ఉల్లిపాయలు తరుగుతూ అతని గొంతు కోసేది. ఇస్త్రీ చేస్తూ కాలే పెట్టెని అతని బుగ్గ మీద పెట్టి, చర్మం అంటుకుపోయేదాకా నొక్కి ఉంచేది. ల్యాబులో పంపు చక్రం తిప్పుతూ, ఆ ఉక్కు గదిలో నూనెకి బదులు అతని తల ఉన్నట్టు, ఒత్తిడి పెంచుతూ పోతే ఆ అంచనాలన్నీ ముక్కుల్లోంచి చెవుల్లోంచి కారుతున్నట్టు ఊహించుకునేది. ఊహించి భయపడేది. తను కూడా అతనిలాగే అయిపోతోందా అని. మళ్ళీ వెళ్ళి అతని టిఫిన్ బాక్సు సర్దేది.

ఆ ఇంట్లో ఆమె పని గురించి అడిగేవాడు మరిది ఒక్కడే. బావి దగ్గర ఆపరేటరు. రెండు వారాలు అక్కడే క్యాంపులో ఉంటాడు, రెండు వారాలు ఇంట్లో ఉంటాడు. సోడా సీసా మూత తీసి చూపించి ఆమె అతనికి బుడగ సంగతి చెప్పిన దగ్గర్నుంచి "బుడగ వదిన" అని పేరు పెట్టాడు. "ఏం బుడగ వదినా, ఇవాళ ఎన్ని పట్టావు" అంటూ వచ్చి, వంటింటి గట్టెక్కి కూర్చుని బఠానీలు ఒలిచి పెట్టేవాడు. అతను ఇంట్లో ఉన్న వారాల్లో అన్న చెయ్యి లేచేది కాదు. ఒకసారి ఆమె మెడ కింద కమిలిన మచ్చ చూసి అడిగితే, స్నానాల గదిలో జారిపడ్డానంది.

"మన ఇంట్లో గచ్చు నీకొక్కదానికే జారుతుందేంటి వదినా" అన్నాడతను. నవ్వలేదు. ఆమె ఇంకో గుప్పెడు బఠానీలు అతని ముందు పోసింది.

కంపెనీ కొత్త బావి తవ్వింది. పాత బావులకన్నా బాగా లోతుకి వెళ్ళింది. ఈ పొర కూడా పాతవాటి లాంటిదేనని, అదే నూనె, అదే గ్యాసు అని ఆమె భర్త పెద్దల మీటింగులో అంకెలు చెప్పాడు. ఆ అంకెల ప్రకారం సైటులో ఉన్న చిన్న సెపరేటరే చాలు. పెద్దది తెప్పించాలంటే నెలలు పడుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బావి సరిగ్గా పారితే అతన్ని మొత్తం చమురు క్షేత్రానికి అధిపతిని చేస్తారని మాట.

బావిని మొదటిసారి తెరిచి పారించి చూసే టెస్టు రేపనగా నమూనాలు ల్యాబుకి వచ్చాయి. ఆమె మొదటి సిలిండరు ఎక్కించి, కాచి, ఒత్తిడి తగ్గించడం మొదలుపెట్టింది. అతను చెప్పిన అంకె ఇంకా ఎంతో దూరం ఉండగానే అద్దంలో బుడగ మెరిసింది. ఒకటి, వెంటనే పది, తరవాత నురగ. ఆమె చెయ్యి చక్రం మీద ఆగిపోయింది. అది పాత బావుల నూనె కాదు. తేలిక నూనె, ఒంటి నిండా గ్యాసు. రెండో సిలిండరు ఎక్కించింది. అదే చోట అదే బుడగ. చిన్న సెపరేటరులోకి దీన్ని వదలడమంటే కందిరీగల తుట్టెని చేతి సంచీలో మూటగట్టడమే.

ల్యాబు పెద్దసారు అంకె చూసి కళ్ళజోడు తీశాడు. "మీ ఆయన చెప్పినదానికీ దీనికీ పొంతనే లేదు కదమ్మా."

"అవును సార్. టెస్టు ఆపాలి. గ్యాసు సెపరేటరులో విడిపోలేదంటే నూనెని కూడా లాక్కుపోయి, మిగులు గ్యాసుని కాల్చే మంట గొట్టంలో కక్కుతుంది."

"సిలిండరు కారిపోయి ఉంటుంది."

"రెండూ ఒకేలా కారవు కదా సార్."

ఆయన పక్కనున్న వాళ్ళని చూసి నవ్వాడు. "చూశారా, మొగుడూ పెళ్ళాం ఒక్క నంబరు మీద కూడా ఒప్పుకోరు." వాళ్ళూ నవ్వారు. "ఇంట్లో మాట్లాడుకోండమ్మా. ఇద్దరూ ఒక మాట మీదకి రండి. పొద్దున్న వచ్చి మూడోసారి కొలవండి, అప్పుడు సంతకం పెడతా. మీ ఇంటి గొడవ నా నెత్తికి చుట్టకండి."

ఆమె వరండాలోకి వచ్చి సైటుకి ఫోన్ చేసింది. క్యాంపులో ఉన్న మరిదితో మాట్లాడటానికి వీల్లేదు, బావి దగ్గర ఎవరి ఫోన్లూ ఉండనివ్వరు. సైటు ఇన్‌చార్జి ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "మేడం, సారు ఇప్పుడే ఇక్కణ్ణుంచి ఇంటికి బయల్దేరారు. ఆయనకి చెప్పండి, ఆయన చెబితే ఆపేస్తాం" అన్నాడు. ఆమె కొలిచిన అంకె ఎవరి చేతిలో పెట్టినా, దాన్ని తిప్పి మొగుడి చేతిలోనే పెడుతున్నారు.

అతను వచ్చేసరికి ఆమె పొయ్యి ముందుంది. కూర ఉడుకుతోంది. అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో చిక్కుళ్ళు తుంచుతోంది. అతను బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. గొంతు మామూలుగానే ఉంది.

"సైటుకి ఫోన్ చేశావంట."

"చేశాను. ఆ నూనె వేరండీ. రెండుసార్లు కొలిచాను. మీరే వచ్చి చూడండి, మీ కళ్ళతో చూస్తే..."

"అందరి ముందూ నా అంకె తప్పంటావా?"

"మీ తమ్ముడు ఆ సెపరేటరు పక్కనే నిలబడతాడు."

ఆ మాట పూర్తవుతుండగానే జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఈసారి చోటు చూసుకోలేదు. అలమర తలుపు అంచుకి నుదురు తగిలి కంట్లోకి నెత్తురు జారింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ. అత్తగారి ఒళ్ళోంచి చిక్కుళ్ళు జారి నేల మీద చెల్లాచెదరయ్యాయి. ఆమె చెయ్యి గుడ్డిగా తడుముతూ గట్టు మీది ఫోన్ మీద పడింది. అతను అది లాక్కుని ఉడుకుతున్న కూరలో పడేశాడు. ఆ తరవాత ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, చెంచాలుండే సొరుగు లాగి, అందులో పెట్టి, మోకాలితో మూశాడు.

"ఈ చేత్తోనేగా చక్రం తిప్పావు" అన్నాడు. సొరుగు తెరిచి, మళ్ళీ మూశాడు.

ఎముక విరిగిన చప్పుడు ఆమె చెవితో వినలేదు. పళ్ళలో తెలిసింది. కింద పడ్డాక కూడా అతని బూటు కాలు కడుపులోకి వచ్చింది. ఆమె నోటి నుంచి వచ్చిన కేక ఆమెదిలా లేదు, ఏదో గొడ్డుది.

అత్తగారు లేచింది. అడ్డుపడటానికి లేచిందనుకుంది ఆమె, ఆ క్షణంలో నిజంగానే అనుకుంది. ఆవిడ చిక్కుళ్ళ మీదుగా జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చి పొయ్యి ఆర్పింది. "కూర మాడిపోతోంది" అంది. తరవాత కిందికి వంగి, "సొరుగు మూసేటప్పుడు చూసుకోవద్దూ" అంది. రేపు ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మాట అప్పుడే తయారైపోయింది.

"అత్తయ్యా, చిన్నబ్బాయి అక్కడే ఉన్నాడు. ఒక్క ఫోన్ చెయ్యనివ్వండి."

"వాడికేం. పక్కన అన్న ఉంటాడుగా."

అతను చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, సైటుకి తిరిగి వెళ్ళిపోయాడు. వెళుతూ వీధి తలుపు తాళం వేశాడు.

తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా వంకాయ రంగు తిరిగి వాచిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కోడలు ఇంట్లోనే పోతే అదో తలనొప్పి అనుకుందో, నిజంగానే భయపడిందో, అత్తగారు తన దగ్గరున్న మారు తాళంచెవితో తలుపు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. "సొరుగులో పడిందండీ, నుదురు తలుపుకి కొట్టుకుంది" అని ఎముకల డాక్టరుకి ఆవిడే చెప్పింది. డాక్టరు తలెత్తి చూడలేదు. కట్టు కట్టే నర్సు మాత్రం చూసింది. అత్తగారు మందులు కొనడానికి వెళ్ళగానే, ఆ నర్సు ఏమీ అడక్కుండానే జేబులోంచి ఫోన్ తీసి ఆమె ఎడంచేతిలో పెట్టింది.

గుర్తున్న నంబరు ల్యాబుదే. పెద్దసారు ఎత్తాడు. "ఎక్కడమ్మా మీరు? మూడోసారి కొలవాలన్నాను కదా."

"సార్, టెస్టు ఆపించండి. ఇప్పుడే ఆపించండి."

"మొదలైపోయిందమ్మా. మీవారే దగ్గరుండి..." ఆయన ఆగాడు. వెనక ఎవరో ఏదో అరుస్తున్నారు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె చేతి మీద సున్నం కట్టు ఇంకా తడిగా ఉండగానే అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు వెంట పరిగెత్తుకొచ్చిన కూలీ ఒకతను, కనుబొమలు కాలిపోయి, గొంతు పూడిపోయి, కనపడిన వాళ్ళందరికీ అదే చెబుతున్నాడు. "వాల్వు తిప్పగానే గొట్టాలు పాముల్లా ఎగిరాయండీ. సెపరేటరు పట్టలేదు. నూనంతా మంట గొట్టంలోంచి పైకి పోయి, అంటుకుని మా మీదే పడింది. నిప్పుల వానండీ. మేం పరిగెత్తాం. చిన్నసారు పరిగెత్తలేదు. ఆ వానలోనే వెనక్కెళ్ళి వాల్వు కట్టేశాడు. ఆయన కట్టకపోతే ఒక్కడు మిగిలేవాడు కాదు."

స్ట్రెచరు మీదున్న చిన్నసారుకి వీపు లేదు. చొక్కా, చర్మం కలిసి ఒక్కటే నల్లటి తొక్క అయ్యాయి, పగుళ్ళలో ఎర్రగా మాంసం. మందుల సంచీతో తిరిగొస్తున్న అత్తగారు ఎవరిదో శవమనుకుని పక్కకి తప్పుకుంది. చెవి దగ్గరి పుట్టుమచ్చ చూసి, నేల మీద కూలబడి తల బాదుకుంది.

ఆమె భర్త క్యాబినులో ఉన్నాడట. ఒంటి మీద గీత కూడా పడలేదు.

మరిది బతుకుతాడని డాక్టర్లు చెప్పడానికి చాలా రోజులు పట్టింది. బోర్లా పడుకోబెట్టారు. ఆమె వెళ్ళి, అతని మొహానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. అతను చాలాసేపు ఆమె చేతి కట్టు వంక చూశాడు.

"గచ్చు జారిందా?"

ఆమె కట్టు చెయ్యిని కొంగు కిందకి లాక్కుంది.

"వదినా, ఆ నూనె నువ్వు కొలిచావా?"

"కొలిచాను."

"అంటే నీకు ముందే తెలుసా?"

తెలుసు, చెప్పాను, పెద్దసారుకి చెప్పాను, ఇన్‌చార్జికి చెప్పాను, మీ అన్నకి చెప్పాను, మీ అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, అని ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ అవన్నీ విన్నా ఆ వీపు మీద చర్మం రాదు. "తెలుసు" అంది.

అతను కష్టపడి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. సొరుగు మూసుకున్నప్పుడు కూడా ఆమెకి ఇంత నొప్పి తెలియలేదు. ఇన్నాళ్ళూ జారిపడ్డానని చెప్పిన ప్రతిసారీ ఇంటి గుట్టు కాపాడుతున్నాననుకుంది, దెబ్బలు తింటున్నది తనే కాబట్టి దాచే హక్కూ తనదే అనుకుంది. భరించడం వల్ల నష్టపోయేది తనొక్కతే అనుకుంది. అది తప్పుడు లెక్క. తనని కొట్టినా ఏమీ కాదని ఏళ్ళ తరబడి చూశాడు కాబట్టే, ఎవరికి ఏమైనా తనకేమీ కాదనుకున్నాడు భర్త. ఆమె అక్కడే, ఆ మందుల వాసనలో, మరిది తల వెనక భాగం చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి అతని వేళ్ళు మంచం అంచు దాకా వచ్చి ఆమె ఎడంచేతిని తాకాయి. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

విచారణ రోజున భర్త ఆమెని వరండా మూలకి తీసుకెళ్ళాడు. మెత్తగా మాట్లాడాడు. "చెయ్యి విరిగింది కాబట్టి కొలత పూర్తి చేయలేకపోయానని చెప్పు. ఆ మొదటి అంకెలు లెక్కలోకి రావని పెద్దసారు కూడా ఒప్పుకున్నాడు. నీ మీదా తప్పు రాదు, నా మీదా రాదు."

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ సగానికి సగం అయిపోయింది. "ఒక కొడుకు కాలిపోయాడు. రెండోవాణ్ణి జైలుకి పంపించకే తల్లీ. ఏదైనా ఇంట్లో చూసుకుందాం."

ఆవిడ ఏడుపు నిజమైనదే. అది చూసి ఆమెకి జాలి కూడా వేసింది. మోచెయ్యి మెల్లగా విడిపించుకుంది.

భర్త ఆమె మొహంలో ఏం చదివాడో, గొంతు తగ్గించి, "ఎడంచెయ్యి ఇంకా బాగానే ఉందిగా" అన్నాడు. ఆమె లోపలికి నడిచింది.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నది భద్రతా విభాగం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. పెద్దసారు అప్పటికే మాట్లాడేసి ఓ పక్కన కూర్చుని ఉన్నాడు. భర్త వచ్చి ఆయన పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"మీ కొలత పూర్తి కాలేదని చెబుతున్నారు" అంది పెద్దావిడ. "నిజమేనా?"

"పూర్తయిందండీ. రెండు సిలిండర్లు, రెండుసార్లూ ఒకటే అంకె. మూడోసారి అవసరం లేదు. అయినా చేసేదాన్నే, చెయ్యి ఉండుంటే."

భర్త కాలు కిందకి దించాడు.

"చెయ్యి ప్రమాదంలో విరిగిందా?"

"కాదండీ, దానికి ముందు సాయంత్రం. టెస్టు ఆపమన్నానని నా భర్త సొరుగులో పెట్టి విరిచాడు. మా అత్తగారు చూశారు. ఆసుపత్రిలో నర్సుకి తెలుసు."

"ఇది పర్సనల్ విషయం మేడం" అని పెద్దసారు లేచాడు. "వాళ్ళ ఇంటి గొడవ. ఈ విచారణకి సంబంధం లేదు."

పెద్దావిడ ఆయన వైపు చూడలేదు. "మీరు చెప్పండమ్మా. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

ఆమె తడబడలేదు. కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఆ మంట ముందు మా వంటింట్లో అంటుకుందండీ. అక్కణ్ణుంచి రాసుకోండి."